రూలు తెలిసినోడల్లా దొంగ కాదు

(కంప్యూటర్ కోర్సులు చదువుతున్న, కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్న దళిత యువతీ యువకుల సమావేశంలో మేము చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని పాస్‌వర్డ్ల గురించి మాట్లాడమన్నారు. "మన సభలో పాస్‌వర్డ్ల గొడవేంటి?" అని పెద్దవాళ్ళు కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జరిగిన సంగతి ఒకటి చెప్తాం, సమాధానం అందులోనే ఉంది.

మేము ముగ్గురం కంప్యూటర్ల రిపేరు, నెట్‌వర్కు పని చేసుకుని బతికేవాళ్ళం. మా పేటకి చెందిన తమ్ముడొకడు ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరు. ఆ ఆఫీసులో అరవై ఎకౌంట్లు. ఒక రాత్రి వాటన్నిటి మీదా ఎవరో పాస్‌వర్డ్లు వేసి చూశారు. ఒక్కో ఎకౌంటు మీద నాలుగే సార్లు. తర్వాత అరగంట ఆగి మళ్ళీ నాలుగు. ఐదోసారి తప్పు పడితే ఎకౌంటుకి తాళం పడుతుంది, అరగంట గడిస్తే తప్పుల లెక్క మళ్ళీ సున్నాకొస్తుంది. ఇది ఆ ఆఫీసు రూలు. తెల్లారేసరికి మూడు ఎకౌంట్లు తెరుచుకున్నాయి.

పెద్దలు విచారణ పెట్టకుండానే తీర్పు చెప్పేశారు: "ఐదు అనే సంగతి బయటోడికి ఎట్లా తెలుస్తుంది? సిస్టంలు బిగించిన రోజు పక్కన కూర్చున్నది ఇతనే. ఇతనే చెప్పుంటాడు." మెమో ఇచ్చారు. మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. బిగించిన రోజు పక్కన ఇంకో ఇద్దరు కూడా కూర్చున్నారు. వాళ్ళనెవరూ అడగలేదు. ఎందుకడగలేదో ఈ సభకి మేం విడమర్చి చెప్పక్కర్లేదు.

మేం ఆవేశపడలేదని కాదు. కానీ ఆవేశంతో మెమో పోదు. వాళ్ళ వాదన మొత్తం ఒక్క మాట మీద నిలబడి ఉంది: "రూలు రహస్యం." అది రహస్యమా కాదా పరీక్ష పెట్టి చూద్దామనుకున్నాం.

పాత కంప్యూటర్లు రెండు తెచ్చి ఆఫీసులో ఉన్నట్టే విండోస్ డొమైన్ ఒకటి కట్టాం. తాళం రూలు ఐదుకీ, అరగంటకీ పెట్టాం. తర్వాత అన్నిటికంటే చిన్న ఎకౌంటు, ఏ అధికారమూ లేని మామూలు గుమాస్తా ఎకౌంటు చేసి దాంతో లోపలికెళ్ళాం. నల్ల తెర తెరిచి 'నెట్ ఎకౌంట్స్' అని, పక్కన 'స్లాష్ డొమైన్' అని కొట్టాం. అంతే. పాస్‌వర్డ్ కనీసం ఎన్ని అక్షరాలుండాలి, ఎన్ని రోజులకి మార్చాలి, పాతవి ఎన్ని గుర్తుంచుకుంటుంది, ఎన్ని తప్పులకి తాళం పడుతుంది, ఎంతసేపు పడుతుంది, తప్పుల లెక్క ఎప్పుడు చెరిగిపోతుంది, అన్నీ వరసగా తెరమీదకొచ్చాయి. పెద్దక్షరం, అంకె, గుర్తు కలపాలా అన్నది ఆ జాబితాలో రాదు. అది కూడా డొమైన్‌లో అందరూ చదవగలిగే ఫోల్డర్లో ఫైలుగా ఉంటుంది.

ఇది విండోస్ లోపం కాదు, కట్టడమే అట్లా కట్టారు. లినక్స్‌లో కూడా అంతే. పాస్‌వర్డ్ల సాంకేతిక ముద్రలుండే 'షాడో' ఫైలు మామూలువాడికి తెరుచుకోదు గానీ, రూళ్ళుండే 'లాగిన్ డెఫ్స్' ఫైలుని ఎవరైనా చదవొచ్చు. చొరబాటుదార్ల పద్ధతుల్ని వరసపెట్టి రాసే మైటర్ సంస్థ జాబితాలో ఈ పనికి ప్రత్యేకంగా ఒక నంబరే ఉంది, టి1201. అంటే ప్రపంచమంతా ఎరిగిన దారి ఇది. ఎట్లాగో ఒక్క ఎకౌంటు దొరకబుచ్చుకుంటే చాలు, అక్కణ్ణించి రూలు చదువుతారు, రూలుకి ఒక్కటి తక్కువగా లెక్కేసుకుని అందరి ఎకౌంట్ల మీదా అదే పాస్‌వర్డ్ చల్లుతారు. ఏ తాళమూ పడదు, ఏ గంటా మోగదు.

పరీక్షలో రెండో సగం ఇంకా ముఖ్యం. ఆ కమాండు కొట్టినట్టు ఎక్కడన్నా నమోదయిందా? మా డొమైన్‌లో ఏమీ నమోదవలేదు. విండోస్‌లో ఏ ప్రోగ్రాం మొదలయిందో రాసే నమోదు ఉంది, దాని నంబరు 4688. మనం దాన్ని వెయ్యాలి. కొట్టిన పూర్తి వాక్యం కూడా అందులో పడాలంటే ఇంకో సెట్టింగు వెయ్యాలి. రెండూ వేసి మళ్ళీ కొట్టాం. ఎవరు, ఏ కంప్యూటర్ నుంచి, ఏ నిమిషాన కొట్టారో స్పష్టంగా పడింది. ఇక ఆఫీసులో చూడమంటే అక్కడ ఆ నమోదు ఎన్నడూ వెయ్యలేదు!

ఆలోచించండి. ఆ రూలు చదవగలిగినవాళ్ళు అరవై మంది. ఎవరు చదివారో చెప్పే కాగితం లేదు. అయినా నేరస్తుడు మాత్రం దొరికాడు. సాక్ష్యం లేనిచోట కులం సాక్ష్యం చెప్పింది.

రెండు కంప్యూటర్లూ ఆటోలో వేసుకెళ్ళి ఆఫీసరు గారి బల్ల మీదే చేసి చూపించాం. ఆయన తన చేత్తో తానే కొట్టి చూశారు. చాలాసేపు మాట్లాడలేదు. పది రోజులకి మెమో వెనక్కి తీసుకున్నారు, తమ్ముడు పనిలోకెళ్ళాడు. తప్పయిందన్న మాట మాత్రం ఈ రోజుకీ ఎవరి నోటా రాలేదు. ఆగిన పది రోజుల జీతమూ రాలేదు. దాని కోసం ఇంకా తిరుగుతున్నాం.

ఇక మీరు నేర్చుకోవాల్సినవి చెప్తాం.

ఒకటి. ఇట్లాంటి పరీక్ష మీ సొంత మిషను మీద చెయ్యండి, లేదా యజమాని రాసిచ్చిన అనుమతితో చెయ్యండి. నోటిమాట నమ్మొద్దు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లో దూరితే 2000 నాటి ఐటి చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ళ దాకా జైలుంది. పక్కోడికి మందలింపుతో పోయేది మనకి కేసవుతుంది. అందుకే మేం ఆఫీసు కంప్యూటర్ ముట్టుకోలేదు, మాది మేం కట్టుకున్నాం.

రెండు. ఆ కమాండు కొట్టినవాడల్లా దొంగ కాడు. సిస్టంలు చూసుకునేవాళ్ళు రోజూ కొడతారు. ఎవరు కొట్టారు, ఆ వెంటనే ఏం జరిగింది అన్నది కలిపి చూడాలి. ఒకే కంప్యూటర్ నుంచి చాలా ఎకౌంట్ల మీద కొద్ది కొద్ది తప్పులు పడుతుంటే అది చల్లుడు.

మూడు. రూలుని దాచి కాపాడుకుందామనుకోవడం వృథా. శత్రువుకి పద్ధతంతా తెలిసినా తాళంచెవి ఒక్కటి దొరక్కపోతే చాలు, అట్లా ఉండాలి కట్టడం అని కెర్కాఫ్స్ అనే ఆయన 1883లోనే రాశాడు. రూళ్ళు దాచి పెత్తనం చేసే విద్య మనకి కొత్త కాదు. చదవకూడదన్నారు, వినకూడదన్నారు. తెలుసుకున్నవాణ్ణే నేరస్తుణ్ణి చేశారు. బాబాసాహెబ్ నాయకత్వంలో 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టింది అందుకే. రూలంటే అందరి ముందూ పెట్టినా నిలబడేదిగా ఉండాలి.

నాలుగు. మరి నిలబడే రూలేది? మోరిస్, థాంప్సన్ అనే ఇద్దరు 1979లో 3,289 పాస్‌వర్డ్లు పరిశీలిస్తే 86 శాతం తేలిగ్గా దొరికిపోయేవే. అప్పట్నించి అక్షరాలు కలపమని, నెల నెలా మార్చమని జనాన్ని వేధించారు. జనం ఏం చేశారు? ఊరి పేరు, ఒక 'ఎట్' గుర్తు, 123. నెల మారితే 124. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఆ సలహా వెనక్కి తీసుకుంది. పొడుగ్గా ఉండనివ్వండి, ఊరికే మార్చమనకండి, ఇప్పటికే బయటపడ్డ పాస్‌వర్డ్లని ఒప్పుకోకండి అంది. దానికి తోడు ఫోనులోనో ఇంకోచోటో రెండో తాళం పెట్టండి. చల్లేవాడి పని చాలామటుకు చెడిపోతుంది.

చివరగా మన సంఘాల సంగతి. సభ్యుల జాబితాలు, బాధితుల వాంగ్మూలాలు, కేసు కాగితాలు ఇప్పుడు కంప్యూటర్లలోనే ఉన్నాయి. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ కంప్యూటర్లోకి ఎవరో 22 నెలల పాటు దొంగచాటుగా చొరబడి ఉత్తరాలు పెట్టారని అమెరికాకి చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. ఎన్ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. ఆ నివేదిక ప్రకారం అక్కడ దారి పాస్‌వర్డ్ కాదు, ఒక ఈ-మెయిల్. కాబట్టి పాస్‌వర్డ్ ఒక్కటీ సరిచేసి గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవద్దు. అట్లాగని అది వదిలెయ్యనూ వద్దు.

ఈ సభ నుంచి వెళ్ళాక ప్రతి సంఘంలో ఇద్దరు ఈ పని నేర్చుకోండి. మీ కంప్యూటర్ల రూళ్ళు మీరే చదవండి, నమోదులు వెయ్యండి, చూడటం అలవాటు చేసుకోండి. రేపు ఇంకో తమ్ముణ్ణి గేటు దగ్గర ఆపితే "నమోదు చూపించండి" అని అడిగేవాడొకడు మనలో ఉండాలి.

జై భీమ్.