జ్వరం తగ్గిన నాడే జాగ్రత్త



1996లో ఢిల్లీ నగరాన్ని డెంగీ వణికించింది. ఆగస్టు నుండి నవంబరు వరకు సాగిన ఆ విజృంభణలో 10 వేలకు పైగా ప్రజలు వ్యాధి బారిన పడ్డారు. 400 మందికి పైగా మరణించారు. నేడు మన తెలుగు ప్రాంతాలలోనూ వర్షాకాలం వచ్చిందంటే ఈ జ్వరం భయం తప్పడం లేదు.

దోమ అనగానే మనకు మురుగు కాలువ గుర్తుకు వస్తుంది. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ స్వభావం వేరు. కాళ్లపై తెల్లని చారలు గల ఈ దోమ ఇంటిలో, ఇంటి పరిసరాలలో నిలవ ఉన్న మంచినీటిలో గుడ్లు పెడుతుంది. డ్రమ్ము, కూలర్, పూలకుండీ, పాత టైరు, మూతలేని వజూ హౌజు దానికి నివాసాలు. అది పగటిపూట కుడుతుంది. కనుక పగలు నిద్రించే పసిపిల్లలకు కూడా దోమతెర అవసరం. నీరు ఎండినా దాని గుడ్లు నెలల తరబడి చావవు. అందువల్ల వారానికొకసారి పాత్రలను ఖాళీ చేసి, లోపలి గోడలను పీచుతో రుద్ది కడగాలి.

అయితే, కుళాయి రోజూ రాని బస్తీలో నీరు నిలవ చేసుకోవడం నిర్లక్ష్యం కాదు, నిస్సహాయత. నీటి సరఫరా, చెత్త తొలగింపు పురపాలక సంఘం బాధ్యతలు. పొగమందు ఎగిరే దోమలనే చంపుతుంది. నీటిలోని లార్వాను చంపదు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన వాడిగా చెబుతున్నాను: నోటిమాట కన్నా అర్జీకి విలువ ఎక్కువ. వీధి పేరు, జ్వరపీడితుల సంఖ్య, తేదీ వ్రాసి, ఇరుగుపొరుగుల సంతకాలతో సమర్పించి రసీదు తీసుకోండి.

దోమ కుట్టిన 4 నుండి 10 రోజులలో తీవ్రమైన జ్వరం, తలనొప్పి, కళ్ల వెనుక నొప్పి, ఒళ్లునొప్పులు, దద్దుర్లు కనిపిస్తాయి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకసారి వచ్చిన వారికి మరో రకం సోకితే ప్రమాదం పెరుగుతుంది. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్, పుష్కలంగా ద్రవాహారం తీసుకోవాలి. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ వాడరాదు; అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు. నిర్ధారణకు నిర్దేశిత ప్రభుత్వ ఆసుపత్రులలో ఎలైసా పరీక్ష ఉచితం.

అసలు గండం జ్వరం తగ్గే సమయంలో, అంటే 3 నుండి 7 రోజుల మధ్య ఉంటుంది. అప్పుడు రక్తనాళాల నుండి ద్రవం బయటకు కారి రక్తపోటు పడిపోవచ్చు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, మగత, చల్లబడిన చేతులు, మూత్రం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తక్షణం ఆసుపత్రికి చేరాలి.

ప్లేట్‌లెట్ల సంఖ్య వినగానే నగలు తాకట్టు పెట్టే కుటుంబాలున్నాయి. రక్తస్రావం లేనప్పుడు, కేవలం సంఖ్య తగ్గినందుకే వాటిని ఎక్కించడం సాధారణంగా అవసరం కాదు. నిర్ణయం వైద్యునిదే, కానీ ఎందుకని అడిగే హక్కు రోగి బంధువులకు ఉంది. ఆ హక్కును వినయంగా, నిర్భయంగా వినియోగించుకోండి.