పాత స్టీల్ గిటార్లు – ఏ కాలానిది మేలు?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించీ మెడికల్ బిల్లుల గురించీ కాకుండా ఈసారి మరేదైనా చెప్పమని కార్యదర్శి గారు కోరారు. చాలా ఏళ్లుగా హవాయియన్ గిటార్ వాయించే అలవాటున్నవాణ్ణి కనుక దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను. దీన్నే స్టీల్ గిటార్ అని కూడా అంటారు. "పాతదైతే మంచిదేనా?" అని నన్ను తరచూ అడుగుతుంటారు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు అక్కడి దుకాణాల్లో ఈ పాత వాద్యాలు కనిపిస్తుంటాయి. ధర వింటే గుండె గుభేలుమంటుంది. అంత సొమ్ము పెట్టేముందు దేన్ని చూడాలో తెలిసి ఉండటం మంచిది.

ఈ గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి, ఎడమ చేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జార్చుతూ, కుడి చేత్తో మీటుతారు. గోటువాద్యం విన్నవారికి ఆ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. 1880లలో హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే యువకుడు ఈ పద్ధతికి రూపమిచ్చాడని చెబుతారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రదర్శన తరువాత అమెరికా అంతటా దీని మోజు పెరిగింది. హవాయి సంగీతకారుడు టావు మో, ఆయన కుటుంబం 1940లలో కలకత్తాలో ఉన్నారు. మన దేశంలో ఈ వాద్యం వ్యాపించడానికి అదీ ఒక కారణం. తరువాత బ్రిజ్‌భూషణ్ కాబ్రా దీన్ని హిందుస్తానీ కచేరీకి తెచ్చారు. విశ్వమోహన్ భట్‌కు 1994లో గ్రామీ పురస్కారం వచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక్కొక్క కాలపు గిటార్ ఆనాటి ఒక్కొక్క ఇబ్బందికి జవాబుగా పుట్టింది. ఆ ఇబ్బందేమిటో తెలిస్తే వాద్యం గుణమూ లోపమూ రెండూ తెలుస్తాయి.

మొదటిది కొయ్య కాలం. 1920లలో లాస్ ఏంజెలెస్‌లో వైసెన్‌బార్న్ చేసిన గిటార్లు ఇందుకు మంచి ఉదాహరణ. హవాయిలో పెరిగే కోవా కొయ్యతో చేసేవారు. మెడ కూడా లోపల గుల్లగా ఉంటుంది. నాదం తియ్యగా ఉంటుంది కానీ చిన్నది. నలుగురు వాద్యకారుల మధ్య కూర్చుంటే వినబడదు.

ఆ ఇబ్బందికి జవాబు 1927లో నేషనల్ కంపెనీ ఇచ్చింది. జాన్ డోపియెరా రూపొందించిన ఆ గిటార్ లోపల పల్చని అల్యూమినియం గరాటులు మూడు ఉంటాయి. తీగల కంపనం వాటికి చేరి నాదం పెద్దదవుతుంది. పైశరీరం జర్మన్ సిల్వర్. మన ఇళ్లలో ఆ కంచాలూ గ్లాసులూ వాడినవాళ్లమే. పేరుకే సిల్వర్, అందులో ఉండేది రాగి, నికెల్, జింకు. 1928లో డోపియెరా సోదరులు డోబ్రో మొదలుపెట్టారు. అందులో ఒకటే అల్యూమినియం గిన్నె, శరీరం ఎక్కువగా కొయ్య. మూడు గరాటులదాంట్లో నాదం సాగుతుంది. డోబ్రోలో కాస్త పదునుగా పలుకుతుంది.

మూడవది విద్యుత్ కాలం. 1932లో రికెన్‌బాకర్ వారి అల్యూమినియం గిటార్ అమ్మకానికి వచ్చింది. గుండ్రటి పొట్ట, పొడుగాటి మెడ చూసి జనం దాన్ని "పెనం" అన్నారు. గుర్రపు లాడాల్లాంటి రెండు అయస్కాంతాలు తీగలను చుట్టి ఉంటాయి. తీగ కంపనం వాటి కింది చుట్టలో విద్యుత్తుగా మారి ఆంప్లిఫయర్‌కు వెళుతుంది. వినబడదన్న బెంగ తీరింది కానీ కొత్త బెంగ పట్టుకుంది. వేదిక దీపాల వేడికి అల్యూమినియం వ్యాకోచించి శ్రుతి మారిపోయేది. అందుకే 1935లో బేకలైట్ గిటార్ తెచ్చారు. మన పాత స్విచ్చులూ టెలిఫోన్లూ ఉండేవే, ఆ బేకలైట్. వేడికి అంతగా చలించదు, కానీ కింద పడితే పగులుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. రెండవ ప్రపంచ యుద్ధం ముందు ఆ అయస్కాంతాల వెడల్పు అంగుళంన్నర. యుద్ధం తరువాత అంగుళం పావుకు తగ్గించారు. పేరు అదే, ఆకారం అదే, పలుకు మాత్రం వేరు. చాలామంది వాద్యకారులు యుద్ధానికి ముందటి దాన్నే కోరుకుంటారు. అలాగని పాతదంతా మేలని కాదు. 1932 నాటి పెనం కన్నా 1935 నాటి బేకలైట్ శ్రుతి బాగా నిలుస్తుంది. కాబట్టి సంవత్సరం తెలియడం ఒక ఎత్తు, ఆ సంవత్సరంలో ఏం మారిందో తెలియడం మరో ఎత్తు.

నాలుగవ ఇబ్బంది శ్రుతులు. కడ్డీ తిన్నగా ఉంటుంది కనుక అన్ని స్వరసమూహాలూ ఒకే శ్రుతి అమరికలో దొరకవు. అందుకని ఒకే వాద్యానికి రెండు, మూడు, నాలుగు మెడలు పెట్టారు. 1953లో వచ్చిన ఫెండర్ స్ట్రింగ్‌మాస్టర్ అటువంటిదే. తరువాత కాలి పెడళ్లతో తీగల శ్రుతిని వాయిస్తుండగానే మార్చే పద్ధతి బలపడింది. 1954లో వచ్చిన వెబ్ పియర్స్ పాటకు బడ్ ఐజాక్స్ అలా వాయించిన తరువాత అమెరికా గ్రామీణ సంగీతం ధోరణే మారిపోయింది. అయితే పెడల్ గిటార్‌లో యంత్రభాగాలు ఎక్కువ. అరిగినదాన్ని కొంటే బాగుచేసేవారిని ముందుగా వెతుక్కోవాలి.

కొనేవారికి నా సలహా మూడు మాటలు. మొదట, తీగ పొడవు కొలవండి. పెనం గిటార్లే 22½ అంగుళాలవీ, 25 అంగుళాలవీ ఉన్నాయి. పొడుగు తీగకు బిగువెక్కువ, స్వరస్థానాల మధ్య ఎడమెక్కువ. రెండవది, అయస్కాంతాలు, గరాటులు, బిరడలు అసలువేనా, మార్చినవా అని అడగండి. మూడవది, అరగంట వాయించి శ్రుతి మళ్లీ చూడండి.

ఇంట్లో అటక మీద పాత గిటార్ ఉన్నవారికి ఒక్క విన్నపం. అందంగా ఉంటుందని కొత్త రంగు వేయించకండి, అసలు భాగాలు పారేయకండి. వాయించిన పెద్దలు ఉండగానే అడిగి, ఎక్కడ కొన్నారో, ఏ సంవత్సరమో, ఏయే భాగాలు మార్చారో ఒక కాగితం మీద రాసి పెట్టెలో ఉంచండి. సర్వీసు రిజిస్టరు సరిగా లేని ఉద్యోగి పెన్షన్ కోసం ఎన్ని మెట్లెక్కాలో మనకంటే తెలిసినవారెవరు? వాద్యానికీ అంతే. పెద్దాయన పోయాక ఆ కాగితం లేకపోతే, పిల్లలకు అది పాత సామాను కిందే లెక్క.