కాలువ పని, సంఘం పని



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకు రేపో మాపో తలా ఒక సంఘం అప్పగిస్తారు. అందులో ఎక్కువమంది రెక్కాడితే గాని డొక్కాడనివాళ్లే. వాళ్ల పేదరికం ఎదుట సంఘకాపరి చేయాల్సిన పనేమిటి? ఆ మాట ఒంగోలు నుంచి మొదలుపెడతాను.

1876లో వచ్చిన కరువు దక్షిణాదిని రెండేళ్లు పీల్చి పిప్పి చేసింది. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చాడు. పని మీద మేస్త్రీలుగా తెలుగు బోధకులనే పెట్టాడు. వాళ్లలో మాదిగలున్నారు. ఊళ్లో తల ఎత్తి మాట్లాడనివ్వని మనుషులు ఆ గట్టు మీద పని చేయించే పెద్దలయ్యారు.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మన సంఘాల్లో గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందు జరిగింది మాత్రం అంతగా చెప్పుకోం. కరువు సాయం సాగినన్నాళ్లూ, దాదాపు పదిహేను నెలలు, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. వచ్చి అడిగినవాళ్లనూ ఆగమన్నాడు. నాకు ఆ 2,222 కంటే ఈ పదిహేను నెలలే పెద్దవి. ఆకలితో ఉన్న మనిషి విశ్వాసానికి బేరం పెట్టకూడదు. మీ సంఘం ఇచ్చే బియ్యమైనా, పిల్లల ఫీజైనా అవసరం ఉన్న ప్రతి గడపకూ వెళ్లాలి. ఆదివారం ఆరాధనకు వస్తారా రారా అని అడగొద్దు.

ఆ కాలువ పని ఒక మిషనరీ పూనుకుంటే దొరికింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు, కరువు పని అడిగి తీసుకునే హక్కయింది. సంఘం పని కూడా అప్పుడే మారాల్సింది. పంచిపెట్టడం ఒక్కటే చాలదు, రావాల్సింది వచ్చేదాకా పక్కన నిలబడాలి.

నేను చూసిన ఒక పాస్టరమ్మ గారి గురించి చెబుతాను. గుంటూరు వైపు మిరప పల్లె వాళ్లది. సంఘంలో ఒక ముసలమ్మకు కలుపు తీసి, కాయలు కోసి వేళ్ల గీతలు అరిగిపోయాయి. రేషన్ డిపోలో మిషన్ మీద బొటనవేలు పెడితే పడలేదు. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. చూపుడు వేలు పెట్టింది. అదీ పడలేదు. వెనక వరసలోవాళ్లు విసుక్కుంటుంటే ఖాళీ సంచితో పక్కకు తప్పుకుంది. పాస్టరమ్మ గారు ఆ పూటకు తమ ఇంట్లో బియ్యం పోసి పంపారు. మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని మండల ఆఫీసుకు వెళ్లారు. అర్జీ రాశారు, ఇచ్చారు, దానికి రసీదు అడిగి తీసుకున్నారు. బియ్యం వచ్చేదాకా ఆ రసీదు పట్టుకుని తిరిగారు. రసీదు అడగడం మీకు ఏ తరగతిలోనూ నేర్పి ఉండరు. ఇకనైనా నేర్పాలి.

ఇలాంటివి చేస్తే రాజకీయం అంటారు. అననివ్వండి. 1985 జూలైలో తమ మీద జరిగిన దాడి నుంచి కారంచేడు మాదిగలు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల వచ్చినప్పుడు తలదాచుకున్నది చర్చి ఆవరణలోనే.

ఇంకొక చిక్కు మీకు మొదటి నెలలోనే ఎదురవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. మనకు మిగిలింది బీసీ-సీలో ఒక్క శాతం. అందుకే కొందరికి కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకొకటి. ప్రసంగ వేదిక మీద నుంచి వాళ్లను దెప్పకండి. పిల్లవాడి చదువుకూ, నమ్ముకున్న దేవుడికీ మధ్య ఒకటి ఎంచుకోమన్నది చట్టం. వాళ్లను నిందించడంలో మీరు పాలు పంచుకోవద్దు. పోట్లాడాల్సింది ఆ ఉత్తర్వుతో.

ఊరి వివక్ష గురించి మాట్లాడేముందు మన ఇల్లు చూసుకోవాలి. ఒకే ఊళ్లో మాలలకో చర్చి, మాదిగలకో చర్చి ఉన్న చోట్లు మీలో చాలామందికి తెలుసు. ఒకే రొట్టె విరుచుకుంటాం, పెళ్లి సంబంధం దగ్గర కులం అడుగుతాం. మీరు వెళ్లిన చోట ఇలా ఉంటే రెండు సంఘాల పెద్దలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టండి. ఏళ్లు పట్టినా మానకండి.

చివరి మాట పట్టభద్రులతో కాదు, వేదిక మీది పెద్దలతో. పట్నం చర్చిల్లో ఏసీలు, కొత్త సౌండ్ సిస్టమ్‌లు, పాలరాతి పలకలు వస్తున్నాయి. ఏభై గడపల పల్లె సంఘం కానుకలతో పాస్టర్ కుటుంబం నెల గడవదు. గడవని పాస్టర్ ఊళ్లో అప్పు ఇచ్చినవాడికి ఎదురు చెప్పలేడు, సంఘస్తుడి తరఫున సర్పంచ్ దగ్గర గట్టిగా మాట్లాడలేడు. పట్నం సంఘాల కానుకల్లోంచి పల్లె పాస్టర్ల జీతాలకు వాటా తీయండి. ఆ లెక్క ప్రతి సంఘం ముందూ చదివి వినిపించండి. ఈ పిల్లలు ఊళ్లకు వెళ్లేలోపే ఆ తీర్మానం చేయమని అడుగుతున్నాను.