బుర్జ్ ఖలీఫా – ఒక సాపర్ చూపులో
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఈసారి యుద్ధం కబుర్లు కాకుండా నలుగురికీ పనికొచ్చే సంగతి చెప్పమన్నారు మన కార్యదర్శిగారు. నేను ఇంజనీర్స్‌లో 28 ఏళ్ళు చేసి సుబేదార్‌గా రిటైరైనవాణ్ణి. చదువు ఇంటర్మీడియట్ వరకే. బంకర్లు, బ్రిడ్జిలు కట్టిన చేతులు కనుక కట్టడం గురించే చెబుతాను. మా అల్లుడుగారు దుబాయ్‌లో ఉండబట్టి బుర్జ్ ఖలీఫా చూసే అవకాశం దొరికింది.

ఎత్తు 828 మీటర్లు. 2004లో పని మొదలై 2010 జనవరి 4న ప్రారంభమైంది. నమూనా గీసింది అమెరికా ఆర్కిటెక్టు ఏడ్రియన్ స్మిత్. అది పడిపోకుండా లెక్క కట్టింది ఇంజనీరు బిల్ బేకర్.

ముందు పునాది. ఇసుక నేల కదా, ఎలా నిలిచింది? ఒకటిన్నర మీటరు మందం గల 192 పైల్స్‌ను నలభై మీటర్లకు పైగా లోతుకు దించారు. వాటి మీద 3.7 మీటర్ల మందాన కాంక్రీటు రాఫ్ట్ పోశారు. ఎండకు కాంక్రీటు పగలకుండా వేసవిలో రాత్రిపూట, నీళ్ళలో ఐసు కలిపి పోసేవారు.

ఇక ఆకారం. పైనుంచి చూస్తే మూడు రెక్కలు, నడుమ ఆరు పలకల గుంజ. మనం పెరేడ్‌లో మూడు రైఫిళ్ళను ఒకదానికొకటి ఆనించి నిలబెడతామే, అలాగే ఏ రెక్క ఒరగబోయినా మిగతా రెండూ పట్టుకుంటాయి. అంత ఎత్తులో అసలు శత్రువు బరువు కాదు, గాలి. అందుకే పైకి పోయేకొద్దీ మెట్లు మెట్లుగా రూపం మార్చారు. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో రకంగా చీలిపోతుంది, ఒకే తాళంలో ఊపలేదు.

అందులో హోటల్, ఫ్లాట్లు, ఆఫీసులు, 124వ అంతస్తులో ఊరంతా చూసే వేదిక ఉన్నాయి. ఏసీల నుంచి కారే నీటిని పట్టి కింద తోటలకు పెడతారు. పైనున్నవారికి సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు. అందుకని 80వ అంతస్తు పైన ఉండేవారు రంజాన్ ఉపవాసం రెండు నిమిషాలు ఆలస్యంగా విడవాలని 2011లో అక్కడి మతపెద్దలు చెప్పారు.

దాన్ని కట్టిన చేతుల్ని మరవకూడదు. ఎక్కువమంది మన ఉపఖండం కూలీలే. జీతాలు, వసతుల కోసం 2006 మార్చిలో వాళ్ళు గొడవకు దిగి పని ఆపేశారు కూడా. మన కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల ఇళ్ళల్లో గల్ఫ్ కష్టం తెలియనివారెవరు?

నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం ఎత్తు కాదు. నిప్పంటుకుంటే 160 అంతస్తులు దిగడం ఎవరివల్లా కాదు. కనుక సుమారు పాతిక అంతస్తుల కొకచోట పొగ చొరబడని గదులు పెట్టారు. జనం అక్కడ ఆగి ప్రాణం దక్కించుకోవచ్చు. ఆ దగ్గర్లోనే 2015 డిసెంబరు 31 రాత్రి 63 అంతస్తుల హోటల్ బయటి గోడ భగ్గున మండింది. ఎత్తైన ఊళ్ళో నిప్పు భయం ఉత్తుత్తి మాట కాదు.

ఇప్పుడు మన సంగతి. మన ఊళ్ళల్లోనూ టవర్లు లేస్తున్నాయి. మనలో చాలామంది రిటైరయ్యాక వాటిల్లో సెక్యూరిటీ, ఫైర్ సేఫ్టీ ఉద్యోగాలు చేస్తున్నాం. 24 మీటర్లు దాటిన భవనంలో రెఫ్యూజ్ ఏరియా ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. నేను చేరిన అపార్ట్‌మెంటులో ఆ జాగా నిండా పాత సోఫాలు, సైకిళ్ళు. మెట్లలోకి పొగ రాకుండా ఫ్యాను గాలిని నొక్కిపెడుతుంటే, తలుపు మూసుకోకుండా ఎవరో ఇటుక పెట్టారు. ఆ ఒక్క ఇటుకతో లక్షల ఖర్చు వృథా! కమిటీవారు "అన్నీ అవసరమా సుబేదార్ సాబ్?" అన్నారు. వాదించలేదు. ఒక ఆదివారం లిఫ్టులు ఆపి మాక్ డ్రిల్ పెట్టాను. ముసలివాళ్ళు, పసిపిల్లలు ఆ సోఫాల మధ్య నిలబడే చోటు లేక ఇబ్బంది పడ్డారు. మర్నాటికి జాగా ఖాళీ!

కనుక సోదరులారా, డ్యూటీ ఎక్కిన మొదటి రోజే మెట్ల తలుపులు, రెఫ్యూజ్ ఏరియా, పంపులు చూసుకోండి. నిప్పు పుడితే మామూలు లిఫ్టు ఎక్కనివ్వకండి. ఆర్నెల్లకొకసారి డ్రిల్ చేయించండి. యూనిఫాం మారినా మనం కాచేది ప్రాణాలనే.