ఆసుపత్రి శుభ్రత: మా ఊరి నర్సు పిల్ల చెప్పిన సంగతులు
(వార్షిక మహాసభలో భావనపాడు గ్రామ సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)

పొదుపు లెక్కలు, లింకేజి లోన్లు ఇందాకే చదివేశారు కాబట్టి నేను వాటి జోలికి పోను. ఆసుపత్రిలో రోగం ఒకరి నుంచి ఒకరికి ఎలా అంటుకుంటుంది, దానికి మనం ఏం చెయ్యాలి, ఈ మాట చెప్పమని మా ఊరి వాళ్లు నన్ను పంపారు.

నేను చదివింది పదో తరగతే. ఈ సంగతులన్నీ మా సంఘంలో ఒక అక్క కూతురు చెప్పినవి. ఆ పిల్ల బీయస్సీ నర్సింగ్ ఆఖరి ఏడు. కాలేజీ ఫీజుకి సంఘం అప్పే ఆసరా అయింది. ఇంటర్న్‌షిప్‌లో కొన్నాళ్లు ఒక పెద్దాసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు దగ్గర వేశారు. సెలవుకి ఊరొస్తే మీటింగులో కూర్చోబెట్టి చెప్పించుకున్నాం. గంటన్నర చెప్పింది, ఒక్కరూ లేవలేదు. ఎందుకు లేస్తారు? మా సంఘంలోనే ఒకామె భర్తకి డయాలిసిస్ జరుగుతోంది. ఉద్దానంలోనైనా, పక్కనున్న మన ఊళ్లలోనైనా కిడ్నీ మాట వినని ఇల్లు ఏదమ్మా?

ఆ పిల్లకి ఇచ్చిన మొదటి పని ఏమిటో తెలుసా? చేతులు లెక్కపెట్టడం. కాగితం పట్టుకుని వార్డులో ఓ మూల నిలబడాలి. రోగిని ముట్టుకునే ముందు, సూది, కట్టు లాంటి పనికి ముందు, రక్తమో చీమో తగిలే పని అయ్యాక, రోగిని ముట్టుకున్నాక, రోగి మంచాన్నో సామాన్లనో ముట్టుకున్నాక. ఈ ఐదు సమయాల్లో చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. సబ్బూ నీళ్లూ అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజరు అయితే 20 నుంచి 30 సెకన్లు. ఎవరు చేశారు, ఎవరు చెయ్యలేదు, టిక్కు పెట్టాలి. గ్లౌజు ఉన్నా లెక్క తప్పదట. మనం గ్లౌజు చూడగానే శుభ్రం అనుకుంటాం. అదే గ్లౌజుతో సెల్‌ఫోను పట్టుకుని, అదే గ్లౌజుతో రోగిని ముట్టుకుంటే అది ఎవరిని కాపాడినట్టు? వేసుకున్నవాళ్లనే.

మూడో రోజు ఒక పెద్ద డాక్టరు ఒక మంచం దగ్గర పుండు చూసి, అలాగే పక్క మంచానికి వెళ్లబోయారట. ఈ పిల్లకి గుండె దడదడ. ఇరవై ఒక్క ఏళ్ల గుంట, వేటకెళ్లేవాళ్ల ఇంటి పిల్ల, ఆయనకేం చెప్తుంది? శానిటైజరు సీసా పట్టుకెళ్లి "సార్" అని ముందు నిలబడిందట, అంతే. ఆయన ఒక్క క్షణం చూసి, చెయ్యి చాపారు. ఏమీ అనలేదు. ఈ మాట వినగానే వాళ్లమ్మ, "ఏటే! డాక్టరుకే సెప్పినావా?" అంది. మేమంతా నవ్వాం గాని, ఆ అమ్మ భయం మనందరి భయమే.

చేతుల సంగతి మనుషులకి తెలిసి ఎంతో కాలం కాలేదు. 1840ల్లో వియన్నా నగరం పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల వార్డులు ఉండేవట. ఒకదాంట్లో డాక్టర్లు, ఇంకోదాంట్లో మంత్రసానులు. 1846లో డాక్టర్ల వార్డులో నూటికి 11 మంది దాకా తల్లులు పోయారు, మంత్రసానుల వార్డులో నూటికి ముగ్గురు కూడా లేరు. సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కారణం కనిపెట్టాడు. శవాలను కోసిన చేతులతోనే వాళ్లు కాన్పులు చేస్తున్నారు. 1847లో సున్నం క్లోరిన్ నీళ్లతో చేతులు కడగమని పెట్టాడు, చావులు బాగా తగ్గిపోయాయి. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఆయన మాట ఒప్పుకోలేదు. మా చేతులు మురికా అని కోపం. ఆ కోపం ఇంకా పోలేదని నా అనుమానం.

ఇప్పుడు డయాలిసిస్ సంగతి. మనకి టెక్కలి, సోంపేట లాంటి చోట్ల సెంటర్లు ఉన్నాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న మొదలైంది. దూరం తగ్గింది, మంచిదే. కాని వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు రక్తం బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్తుంది. ఒక్కసారికి 120 లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్లు పడతాయట. నాలుగు పెద్ద బిందెలు కాదమ్మా, మన ఇంటిల్లిపాదికీ నెల రోజులు తాగే నీళ్లలో సగం! ఆ నీళ్లు బాగోకపోయినా, చేతులు బాగోకపోయినా క్రిమి నేరుగా రక్తంలోకే. హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తపు మరకలో కూడా ఏడు రోజులు బతుకుతుందట. అందుకే ఆ జబ్బు ఉన్నవాళ్లకి మెషిను వేరుగా పెడతారు. అది వెలివెయ్యడం అనుకుని మనవాళ్లు గొడవ పడకూడదు.

అన్నిటికన్నా భయం మెడలో పైపుది. దాని కొస గుండె దగ్గర దాకా ఉంటుంది. అందుకే చేతికి ఫిస్టులా ఆపరేషన్ ముందే చేయించుకోమంటారు, దానికి ఇన్‌ఫెక్షన్ చాలా తక్కువ. కాని అది పనికి రావడానికి నెలన్నర నుంచి మూడు నెలలు పడుతుంది. మనవాళ్లు ఆయాసం వచ్చాక పరుగెడతారు, అప్పుడు మెడలో పైపు తప్ప దారి లేదు. పైపు ఉన్న మనిషికి తలస్నానం, సముద్ర స్నానం వద్దు. కట్టు తడవకూడదు. దాని మీద పసుపు పెట్టకూడదు, విభూతి కూడా. చలి, వణుకు, జ్వరం వస్తే ఊళ్లో సూది వేయించి పడుకోబెట్టకండి. రాత్రయినా సరే ఆసుపత్రికే. ఆ క్రిమి రక్తంలో పాకడానికి తెల్లవారే దాకా ఆగదు.

పరామర్శ మన మంచితనమే. కాని ఆటోలో పదిమంది ఎక్కి వెళ్లి, రోగి మంచం మీద కూర్చుని, పైపు కదిపి చూసి ఏడవడం ఏమిటి? ఇంకొకటి, ఇది ఇన్‌ఫెక్షన్ మాట కాదు గాని చెప్పకుండా ఉండలేను. మనది కొబ్బరి సీమ. ప్రేమకొద్దీ కొబ్బరి బొండాలు పట్టుకెళ్తాం. డయాలిసిస్ వాళ్లకి అందులో పొటాషియం గుండెకే ముప్పు. డాక్టరు తాగమంటే తప్ప ఇవ్వకండి.

మన సంఘాల్లో ఆసుపత్రి పాకీ పనికి, వార్డు పనికి వెళ్లేవాళ్లు ఉన్నారు. సూదులు తెల్ల డబ్బాలో, రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో, పైపులు, గ్లౌజులు ఎర్ర దాంట్లో, గాజు నీలం దాంట్లో. 2016 నుంచి ఉన్న రూల్సు ఇవి. ఎవరో సూదిని సంచిలో పడేస్తే గుచ్చుకునేది ఆ సంచి ఎత్తే ఆడమనిషికి. గుచ్చుకుంటే చెయ్యి కడుక్కుని వెంటనే చెప్పండి. పని పోతుందని దాచుకోవద్దు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు. వేయించారా లేదా అని మీ మేస్త్రీని అడగండి.

మా మీటింగులో వాదన కూడా అయింది. "చేతులు కడిగారా అని అడిగితే వాళ్లకి కోపం వచ్చి మన మనిషిని సరిగ్గా చూడరు" అని ఇద్దరు గట్టిగా అన్నారు. కాదనలేం. ఒక్కదాన్నీ అడగమంటే నాకూ నోరు రాదు. అందుకే సభ ముందు మా ఊరి కోరిక ఇది: డయాలిసిస్ సెంటర్లలో చేతులు కడుక్కునే చోటు, సబ్బు, నీళ్లు ఎలా ఉన్నాయో మన ఆరోగ్య సబ్ కమిటీ నెలకోసారి చూసి, లోపం ఉంటే సమాఖ్య లెటరు మీద సూపరింటెండెంటు గారికి రాయాలి. అప్పుడు అది ఒక భార్య నోటి మాట అవదు. రెండోది, ఫిస్టులా ఆపరేషన్‌కి వెళ్లే ఇంటికి రాను పోను ఖర్చుకి గ్రామ సమాఖ్య నుంచి చిన్న అప్పు వెంటనే ఇవ్వాలి. తీర్మానాల పుస్తకంలో ఈ రెండూ రాయించమని కోరుతున్నాను.

ఆ పిల్లకి పరీక్షలు ఉన్నాయి. అవి అయ్యాక మిగతా ఊళ్లకీ వచ్చి చెప్తానంది. కావలసినవాళ్లు వి.ఓ.ఏ.తో కబురు పెట్టండి. ఆటో ఖర్చు మాత్రం మీరే పెట్టుకోవాలి.