స్టాఫ్ నర్సు దగ్గరే ఎందుకు ఆగాలి?

(హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటున్న గిరిజన యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నర్సింగ్‌లో పైచదువు గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. క్లాసులో గంటసేపు మాట్లాడే అలవాటు నాది, కాస్త అటూ ఇటూ అయితే ఏమనుకోకండి.

మాది దేవరకొండ వైపు తండా. వానల్లేక, బోర్లు ఎండిపోయి, మా బాపు, యాడి ఈ దిక్కుకు కూలి పనికి వచ్చారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ రాళ్లగుట్టల మధ్య ఒకదాని వెనక ఒకటి బిల్డింగులు లేస్తున్న కాలం. నేను గిరిజన హాస్టల్లో చదువుతూ సెలవులకు కొండాపూర్‌లో వాళ్లుండే రేకుల షెడ్డుకు వచ్చేదాన్ని. ఇవాళ మెట్రో దిగి నడిచి వస్తుంటే ఒక అద్దాల బిల్డింగు కనబడింది. మా యాడి తట్ట మోసింది అక్కడే. లిఫ్టు పెట్టకముందు అన్ని అంతస్తులూ ఎక్కి దిగిన మనిషి, పని అయిపోయాక మళ్లీ ఆ గేటు దాటి లోపలికి పోలేదు.

నేను జీఎన్ఎం చేసి, ఈ చుట్టుపక్కలే ఒక పెద్ద ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. మొదటి జీతం యాడి చేతిలో పెట్టాను. అక్కడితో నా చదువు అయిపోయిందనే అనుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది ఎక్కడా గొప్పగా చెప్పుకునే విషయం కాదు. ఒకసారి మన తండా ముసలమ్మ ఒకామెను మా వార్డులో చేర్చారు. కొడుకు ఇక్కడే సెక్యూరిటీ గార్డు. షుగర్ బాగా పెరిగింది. ఇన్సులిన్ మొదలుపెట్టి నాలుగు రోజులకు ఇంటికి పంపారు. పది రోజుల్లో మళ్లీ తెచ్చారు, ఈసారి షుగర్ పడిపోయి, తెలివి లేకుండా. కోడలు రోజూ లెక్కతప్పకుండా సూది వేసింది. ముసలమ్మ మాత్రం బాటి మానేసింది. షుగర్ ఉన్నవాళ్లు తినకూడదని ఆమెకు అర్థమైంది. డిశ్చార్జి కాగితం మీద ‘రోగికి వివరించడమైనది’ అని రాసి ఉంది. కింద సంతకం నాదే.

ఆమె భాష నాకు వచ్చు, నేను పుట్టి పెరిగిందే ఆ భాషలో. అయినా తెలుగులో గబగబా చెప్పి పంపించాను. వార్డులో మన భాష మాట్లాడితే తోటివాళ్లు నవ్వేవారు. ఆ నవ్వుకు భయపడ్డాను. దేవుడి దయవల్ల ఆమె కోలుకుంది. మరుసటి రోజు మంచం పక్కన కూర్చుని అరగంట మన మాటల్లోనే చెప్పాను. సూది వేసుకున్నాక ఎందుకు తినాలి, చెమటలు పట్టి చేతులు వణికితే ఏం చేయాలి అని. ఆమె ఎన్ని ప్రశ్నలు అడిగిందో! మొదటిసారి ఒక్కటీ అడగలేదు.

ఆ రోజు నుంచి నన్నొక ఆలోచన పట్టుకుంది. సూది ఏ కోణంలో గుచ్చాలో నాకు నేర్పారు. మనిషికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో పుస్తకంలో ఉంది గానీ, ఎవరూ చేయించలేదు. నేర్పేవాళ్లలో మన ఇళ్ల సంగతి తెలిసినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. 1940ల్లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ బడులు పెట్టించినప్పుడు ఏం చేశారో గుర్తుందా? ముందు గోండు యువకులకే పంతుళ్లుగా శిక్షణ ఇప్పించారు, గోండిలో వాచకాలు తయారు చేయించారు. నర్సింగ్‌కూ అదే లెక్క.

ఇక దారి చెబుతాను. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. నాలాగా జీఎన్ఎం చేసినవాళ్లకు పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు. ఆ తర్వాత ఎమ్మెస్సీ నర్సింగ్ ఇంకో రెండేళ్లు. ఎమ్మెస్సీకి డిగ్రీలో 55 శాతం మార్కులు అడుగుతారు, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. కనీసం ఒక ఏడాది పనిచేసిన అనుభవం కావాలి. కాబట్టి ఉద్యోగం మానేసే ముందు అనుభవ పత్రం చేతిలో పెట్టుకోండి, తర్వాత అడిగితే తిప్పుతారు. మన రాష్ట్రంలో అడ్మిషన్లు వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ప్రకటన మీద జరుగుతాయి. 2023లో నర్సింగ్‌కు కొత్త జాతీయ చట్టం వచ్చింది, నిబంధనలు మారుతుంటాయి. అందుకని అక్క చెప్పింది కదా అని ఊరుకోకుండా ఆ ఏడాది ప్రకటన మీరే చదవండి.

మొదటి ఏడాది నర్సింగ్ ఎడ్యుకేషన్ అనే సబ్జెక్టు ఉంటుంది. మనల్ని టీచర్లుగా తయారుచేసేది అదే. లెసన్ ప్లాన్ రాయాలి, చిన్న క్లాసుల ముందు నిలబడి పాఠం చెప్పి చూపించాలి. నేను మొదటిసారి నిలబడినప్పుడు నా ఇంగ్లిష్ మూడో వాక్యానికే ఆగిపోయింది. బోర్డు మీద గుండె బొమ్మ గీసి, తెలుగులో చెప్పుకుంటూ పోయాను. వెనక కూర్చున్న మేడం ఆపలేదు. రెండో ఏడాది థీసిస్. స్టాటిస్టిక్స్ అంటే భయపడేవాళ్లు చాలామంది, నేనూ భయపడ్డాను, దాటేశాను.

డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. ఇంటి ఆదాయం ఏడాదికి 2 లక్షల లోపు ఉంటే ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ఆ డబ్బు ఆలస్యమైతే నష్టపోయేది మనమే. నేను చదివిన ఒక కాలేజీ ఆ వంకతో నా ఒరిజినల్ సర్టిఫికెట్లు నెలల తరబడి ఇవ్వలేదు. చేరేటప్పుడే ఏ కాగితం ఇచ్చినా రసీదు తీసుకోండి. ఇంకో మాట. ప్రైవేటు కాలేజీలో ట్యూటర్‌గా నా మొదటి జీతం, ఆస్పత్రిలో వదులుకున్న జీతం కంటే తక్కువే. మా బాపు నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. చెల్లెలి పెళ్లి ముందుంది మరి, ఆయన కోపంలో న్యాయం ఉంది.

నాతోపాటు చదివినవాళ్లు కొందరు విదేశాలకు పోయారు. తప్పేం లేదు, ఇంటి అప్పులు తీరాయి. నేను పోలేదు, అందుకు పశ్చాత్తాపమూ లేదు, గొప్పా లేదు.

ఈ చదువుకు ఉద్యోగాలున్నాయా అని అడుగుతారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం పదిమంది విద్యార్థులకు ఒక టీచరు ఉండాలి. ఏడాదికి 60 సీట్లున్న బీఎస్సీ కాలేజీలో నాలుగేళ్లకు 240 మంది, అంటే 24 మంది టీచర్లు. మన రాష్ట్రంలో ఈ మధ్య కొత్త మెడికల్ కాలేజీల వెంట నర్సింగ్ కాలేజీలు కూడా వచ్చాయి. 2022లో మన రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. ఆ సీట్లలో చేరే మన పిల్లలకు పాఠం ఎవరు చెబుతారో మీరే ఆలోచించండి.

ఇప్పుడు నా క్లాసులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. డిశ్చార్జి పాఠం వచ్చిన రోజు ప్రతి పిల్లా తన ఇంటి భాషలో చెప్పి చూపాలి. లంబాడీ, కోయ, ఉర్దూ, ఏదైనా సరే. విన్నవాళ్లు తిరిగి చెప్పాలి. మొదట్లో నవ్వుతారు. మొన్న ఇల్లెందు వైపు నుంచి వచ్చిన ఒక కోయ అమ్మాయి వాళ్ల అమ్మమ్మకు చెప్పినట్టు చెప్పింది. క్లాసంతా చప్పుడు లేకుండా విన్నది.

సమయం మించిపోయిందని అన్న చెయ్యి చూపిస్తున్నారు. భోజనాల తర్వాత నేను ఆ తలుపు పక్కన టేబుల్ దగ్గర కూర్చుంటాను. మార్కుల మెమోలు, రిజిస్ట్రేషన్ కాగితం ఫోన్లో ఉన్నవాళ్లు రండి, ఎవరికి ఏ దారి కుదురుతుందో కూర్చుని చూద్దాం. అమ్మానాన్నలను ఒప్పించాలంటే వాళ్లనూ తీసుకురండి, మన భాషలోనే మాట్లాడతాను.