పుండు పడకముందే పాదాన్ని చూద్దాం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద మాట్లాడాలంటే డాక్టరును పిలవాలి గానీ టీచరును పిలిచారేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను వైద్యం చెప్పడానికి రాలేదు. పొద్దున్నే బడి గేటు దగ్గర నిలబడి పిల్లలు నడిచి వచ్చే తీరు ఏళ్ల తరబడి చూస్తున్నదాన్ని. ఎవరి చెప్పు తెగింది, ఎవరు కుంటుతున్నారు, ఎవరి మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి అన్నవి టీచరు కంట్లో ముందు పడతాయి. పేరెంట్స్ మీటింగుకు వచ్చే నానమ్మలు, అమ్మమ్మలు మెట్లెక్కే తీరు కూడా చూస్తుంటాను.

మన సొసైటీ వీల్‌చైర్లు ఇస్తున్నది, చేతికర్రలు ఇస్తున్నది, కాలు పోయినవాళ్లకు కృత్రిమ కాలు పెట్టిస్తున్నది. ఇచ్చేటప్పుడు ఫోటో తీసి ఈ సంచికలో వేసుకుంటాం. మంచి పనే. కానీ ఆ ఫోటోలో ఉన్న మనిషిని మీ కాలు ఎప్పుడు పోయిందని అడిగితే ఆపరేషన్ జరిగిన తేదీ చెబుతాడు. నిజానికి ఆ కాలు అంతకు ఎంతో ముందు నుంచే పోతూ వచ్చింది. అప్పుడు కావలసింది ఒక జత మంచి చెప్పులు, ఆటో కిరాయి, ఐదు నిమిషాలు వంగి పాదం చూసే మనిషి. మన డబ్బు అక్కడికి చేరడం లేదు. దాతలైన మీ ముందు నేను పెట్టదలచుకున్న మాట ఇదే.

పుట్టుక దగ్గర మొదలుపెడతాను. దాదాపు వెయ్యి కాన్పులకు ఒక బిడ్డ పాదం లోపలికి తిరిగి పుడుతుంది. వంకర పాదం అంటాం. మన ఇళ్లలో వెంటనే తల్లి మీద పడతారు, గ్రహణం నాడు బయట తిరిగావా, కత్తి పట్టుకున్నావా అని. ఆ తల్లి తప్పు ఏమీ లేదు. అమెరికాలోని అయోవాలో ఇగ్నేషియో పొన్సెటి అనే డాక్టరు కనిపెట్టిన పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. మొదటి వారాల్లోనే మొదలుపెట్టి, వారం వారం పాదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ కట్టు మారుస్తారు. ఐదారు కట్లకు పాదం దారికి వస్తుంది. చాలామందికి మడమ వెనక నరంలాంటి కండరాన్ని చిన్నగా కోసి వదులు చేస్తారు. ఆ తర్వాత ప్రత్యేకమైన బూట్లు మూడు నెలలు రాత్రింబవళ్లు, పిమ్మట నాలుగైదేళ్లు వచ్చేదాకా నిద్రలో వేయాలి. పిల్లల ఆరోగ్యం కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ లోపం కూడా ఉంది, చికిత్స ఉచితం. మరి పిల్లలు ఎందుకు కుంటుతున్నారు? కట్టు ఉచితమే కానీ ఇక్కడి నుంచి పట్నం పోయి రావడం ఉచితం కాదు. వారానికోసారి తల్లి, తోడుగా ఇంకొకరు పోవాలి, ఆ రోజు కూలి పోతుంది. మూడో వారానికి మానేస్తారు. పాదం చక్కబడిన తర్వాత, బిడ్డ ఏడుస్తున్నదని బూట్లు తీసేసేవాళ్లు మరికొందరు. పాదం మళ్లీ వంగేది ఎక్కువగా అప్పుడే.

ఇక బడి పిల్లలు. చదును పాదాలని చిన్న పిల్లలను డాక్టర్ల చుట్టూ తిప్పే తల్లిదండ్రులకు ఒక మాట: ఐదారేళ్ల దాకా పాదం కింద వంపు రాకపోవడం మామూలే. నొప్పి లేకపోతే కంగారు పడనవసరం లేదు. కంగారు పడవలసింది బూట్ల సైజు గురించి. వచ్చే ఏడు కూడా పనికొస్తాయని రెండు సైజులు పెద్దవి కొంటారు, లేదా అన్న విడిచినవి తమ్ముడికి తొడుగుతారు. మనం బడి తెరిచే ముందు పంచే బూట్లు కూడా పిల్లవాడి పాదం కొలవకుండా క్లాసును బట్టి సైజు వేసి పంచకూడదు.

మోకాళ్ల మాట వస్తే నీళ్ల సంగతి చెప్పాలి. మనకు ఎంతో దూరం కాని నల్గొండ జిల్లాలో, మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయినవాళ్లను మనమందరం చూశాం. శివన్నగూడెం అంశల స్వామి ఆ బాధకు ముఖమై నిలిచాడు. 2023 జనవరిలో చనిపోయాడు. ఒకసారి వంగిన ఎముకను మందు తిరిగి సరిచేయదు. అందుకే నది నీళ్లు వస్తున్న ఇళ్లలో తాగడానికి అవే వాడాలి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, పైగా నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. కొత్తగా వేసుకున్న కాలనీల్లో బోరు మీద బతుకుతున్నవాళ్లు ఒకసారి నీళ్లు పరీక్ష చేయించుకోండి.

పని చేసే వయసు గురించి తొందరగా చెబుతాను. బాటసింగారం పండ్ల మార్కెట్‌లో బరువులు మోసేవాళ్లు, పెళ్లిళ్లలో దేగ్‌ల దగ్గర తెల్లవార్లూ నిలబడే వంటవాళ్లు, హైవే మీద దుకాణాల్లో పనిచేసే పిల్లలు, మాలాంటి టీచర్లు, అందరిదీ నిలబడే బతుకే. పిక్క కండరం కదిలినప్పుడే కాలిలోని రక్తం పైకి ఎక్కుతుంది. కదలకుండా నిలబడితే అక్కడే ఆగి నరాలు ఉబ్బుతాయి. గంటకోసారి మునివేళ్ల మీద లేచి దిగండి, ఇంటికి పోయాక కాళ్లు దిండు మీద ఎత్తి పెట్టండి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే మాత్రం నూనె రాసి మర్దన చేయకుండా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

అసలు సంగతి షుగరు. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే తేల్చింది. ఏళ్ల తరబడి షుగరు అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారతాయి, రక్తం పారే గొట్టాలు సన్నబడతాయి. మొదట తిమ్మిరి, మంట. తర్వాత మంట తగ్గుతుంది. నయమైందని సంతోషపడతారు. నొప్పి చెప్పే నరం చచ్చిపోయినా మంట తగ్గుతుందని వాళ్లకెవరూ చెప్పరు. మా బడి పిల్లవాడి తాత ఒకాయన చెప్పులో గులకరాయి పెట్టుకుని పొద్దంతా తిరిగాడు. రాత్రి మేజోడుకు రక్తం అంటితే ఇంట్లోవాళ్లు చూశారు, ఆయనకు తెలియనే లేదు. షుగరు వల్ల తీసేసే కాళ్లలో చాలావరకు ఇలాంటి చిన్న పుండు దగ్గరే మొదలవుతాయి.

ఇంట్లోనే చేయగలిగే పరీక్ష ఒకటి చెబుతాను, ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి డాక్టర్లు రూపొందించినది. షుగరు ఉన్న మనిషిని కళ్లు మూసుకోమనండి. రెండు పాదాల బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసలను మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకండి, నొక్కవద్దు. ఆరు చోట్లలో రెండు చోట్ల తెలియలేదంటే ఆ పాదం ప్రమాదంలో ఉన్నట్టే, డాక్టరుకు చూపించాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

మన ఇళ్లలో ఒక మేలు ఉంది. వుజూ చేసేవాళ్లు రోజుకు ఐదు సార్లు తమ పాదాన్ని తాకుతారు, వేళ్ల సందుల్లో వేలు పెట్టి కడుగుతారు. కడిగినప్పుడే కళ్లతో కూడా చూస్తే సగం పని అయిపోతుంది. అడుగు కనబడకపోతే అద్దం పెట్టుకోండి, లేదా మనవడిని చూడమనండి. అయితే కడిగిన తడి సందుల్లో ఉండిపోయి, దాని మీదే మేజోళ్లు తొడిగితే చర్మం తెల్లగా నాని చీలుతుంది, అందులోంచి క్రిములు పోతాయి. మస్జిద్ వుజూఖానాలో అందరూ ఒకే తువ్వాలతో తుడుచుకోవడం కూడా మంచిది కాదు. జేబులో ఒక చిన్న రుమాలు పాదాల కోసం విడిగా పెట్టుకోండి. చలికాలంలో వేడి నీళ్లను మొద్దుబారిన కాలితో పరీక్షించకుండా ఇంకొకరి చేతితో చూడమనాలి. పుండు ఉన్నవాళ్లు వుజూ ఎలా చేయాలో ఇమాం సాబ్‌ను అడిగితే సౌలభ్యం చెబుతారు.

ఉమ్రాకు, హజ్‌కు పోయేవాళ్లు కూడా వినండి. ఇహ్రాంలో మగవాళ్లు చీలమండ మూసే బూట్లు వేయకూడదు, చెప్పులు వేసుకోవచ్చు. స్పర్శ లేని పాదంతో ఎండలో ఉత్త కాళ్లతో నడిచి బొబ్బలతో తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు. నెల ముందే మెత్తని చెప్పులు కొని ఇక్కడే అలవాటు చేసుకోండి. మన మస్జిద్ ఆవరణలోని బండలు మే నెల జుహర్‌కు ఎంత కాలుతాయో మీకు తెలుసు, అక్కడ ఒక చాప పరిస్తే చాలు.

ఆనెకాయలను బ్లేడుతో గీకడం, మందుల షాపులో దొరికే యాసిడ్ పట్టీ అంటించడం షుగరు ఉన్నవాళ్లు అసలు చేయకూడదు. గోళ్లు మూలలు లోతుగా కాకుండా తిన్నగా కత్తిరించాలి. చెప్పులు సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది.

ఆడవాళ్ల పాదాల గురించి చెప్పకపోతే నా మాట పూర్తి కాదు. ఇంట్లో మగాయన పాదం ఆమె చూస్తుంది. ఆమె పాదం ఎవరు చూస్తారు? పగిలిన మడమతో, తడి బండల మీద, ఉత్త కాళ్లతో పొద్దంతా తిరుగుతుంది. పుండు పడినా చీర కుచ్చిళ్ల కింద, బురఖా అంచు కింద దాగిపోతుంది. మగ డాక్టరుకు చూపించడానికి సిగ్గు, పట్నం పోవడానికి తోడు దొరకదు. క్యాంపు పెడితే ఒక నర్సమ్మ, పరదా కట్టిన ఒక గది తప్పనిసరిగా ఉండాలని కమిటీని కోరుతున్నాను.

స్పర్శ పోయిన పాదాల కోసం ఒక రకం చెప్పులున్నాయి. కుష్ఠు రోగుల పాదాలను కాపాడటానికి వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన తోటివారు చేసిన కృషి వల్ల మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు వాడకంలోకి వచ్చాయి. ఇప్పుడు షుగరు రోగులకూ అవే ఇస్తున్నారు. వాటికి వెనక పట్టీ ఉండాలి, ఎందుకంటే మొద్దుబారిన కాలికి చెప్పు జారిపోయిన సంగతి తెలియదు.

కాలు పోయినవాళ్లకు చేసే సాయం ఆపమని నేను అనడం లేదు. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ సేఠీ కలిసి తయారు చేసిన జైపూర్ కాలు వల్ల మనిషి గొంతుకు కూర్చోగలడు, పొలంలో ఉత్త కాలితో నడవగలడు. అది నడవాల్సిందే. నేను అడిగేది ఆ పద్దు పక్కన ఇంకో పద్దు. వంకర పాదం బిడ్డల తల్లులకు వారం వారం కిరాయి, పోయిన కూలి. స్పర్శ పోయినవాళ్లకు ఏడాదికి రెండు జతల వెనక పట్టీ చెప్పులు. మూడు నెలలకోసారి పాదాల క్యాంపు, వచ్చినవాళ్ల పేర్లు రాసే ఒక రిజిస్టరు. అది జకాత్‌లోంచి ఇవ్వాలా, సదఖాలోంచి ఇవ్వాలా అన్నది పెద్దలు తేల్చాలి, నా పరిధి కాదు.

ముప్పై దాటినవాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు, బీపీ ఉచితంగా చూస్తారు. ఈ రోజు భోజనాల తర్వాత వరండాలో ఆడవాళ్లకు ఒక వైపు, మగవాళ్లకు ఒక వైపు కుర్చీలు వేయించాం. ఇందాక చెప్పిన వేలి పరీక్ష మా బడి పిల్లలే చేస్తారు, నేర్పించి తీసుకొచ్చాను. దాతలు ముందు వచ్చి మేజోళ్లు తీసి కూర్చుంటే మిగతావాళ్లకు సిగ్గు పోతుంది.